సంక్రాంతికి చూసిన ఇల్లు ఆగస్టులో ఇంకోసారి చూడండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివానండి. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, మొన్న సంక్రాంతికి అత్తారింటికి వచ్చినప్పుడు రాజోలు దగ్గర కాలవ గట్టున పాత మండువా పెంకుటిల్లు చూశారు, 18 సెంట్ల జాగా, పాతిక కొబ్బరి చెట్లు, 70 లక్షలు చెప్తున్నారు, చేతిలో 25 ఉన్నాయి, మిగతా 45 లోన్ పెట్టి కొనేసి, పెరట్లో రెండు కాటేజీలు వేసి, 2027 పుష్కరాల లోపు హోమ్‌స్టే మొదలుపెట్టేస్తే ఈఎంఐ దానంతటదే కట్టుకుంటుంది అని మీ లెక్క. వారంలో అడ్వాన్స్ ఇవ్వకపోతే వేరే పార్టీ రెడీగా ఉంది అంటున్నాడు బ్రోకరు.

ఆ వేరే పార్టీ ఎప్పుడూ రెడీగానే ఉంటాడండి, ఏడేళ్ల కిందట నేను కొన్నప్పుడూ ఉన్నాడు, ఇప్పటిదాకా మొహం చూడలేదు. కాబట్టి ముందు ఆ కంగారు పక్కన పెట్టండి. నేను నడిపేది కూడా అటువైపే, మూడు గదుల ఇల్లు, మొదటి రెండేళ్లు బాగా దెబ్బలు తిన్నాను, అవే చెప్తాను.

సంక్రాంతికి కోనసీమలో ఏ ఇల్లు చూసినా కొనాలనిపిస్తుందండి. కాలవ నిండుగా ఉంటుంది, చేలు పచ్చగా ఉంటాయి, చలిగాలి, ముంగిట్లో ముగ్గులు, అమెరికా నుంచి వచ్చిన పిల్లలు అరుగు మీద ఫొటోలు. అదే ఇంటిని మే నెలలో చూడండి, కాలవలు కట్టేసి ఉంటారు, మీరు మురిసిపోయిన ఆ వాటర్ వ్యూ కాస్తా గుర్రపుడెక్క, ప్లాస్టిక్ కవర్లు, బురద. ఆగస్టులో చూడండి, ఇంకా తేడాగా ఉంటుంది. నేనిచ్చే సలహా మొత్తం ఇదే అనుకోండి, ఆగస్టులో చూడకుండా డెల్టాలో ఇల్లు కొనకండి, ఆ వరకూ ఆగనంటే అమ్మేవాణ్ణి పోనివ్వండి.

ముందు అడగాల్సింది గదులెన్ని, ఏసీలెన్ని అని కాదండి, ఏటిగట్టుకి ఇల్లు ఏ వైపు ఉంది అని. గట్టు లోపలివైపు అంటే లంక, అక్కడ వరద అనేది వస్తుందా రాదా అన్న మాట లేదు, ఎన్నిరోజులు ఉంటుందన్నదే లెక్క. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది ఇస్తారు కదా, ఈ మూడు అంకెలూ మీ ఇంటికి అర్థం ఏమిటో కనుక్కోండి. కొన్ని ఊళ్లకి మొదటి హెచ్చరిక దగ్గరే దారి పోతుంది, కనకాయలంక కాజ్‌వే (ఏటి పాయ మీద తక్కువ ఎత్తులో వేసిన దారి) చూడండి, ఇల్లు మునగక్కర్లేదు, కాజ్‌వే మీదకి నీళ్లొస్తే చాలు, మీ గెస్టులు అటో ఇటో ఇరుక్కుంటారు. నా మొదటి ఆగస్టులో విశాఖ నుంచి వచ్చిన ఒక ఫ్యామిలీ అలాగే ఇరుక్కున్నారు, చంటిపిల్లకి పాల ప్యాకెట్లు పడవ మీద తెప్పించాను, వాళ్లు పాపం ఏమీ అనలేదు గానీ ఆ వారంలో రావాల్సిన మిగతా నాలుగు బుకింగులూ క్యాన్సిల్, డబ్బంతా వెనక్కి.

గట్టు బయట వైపు అయితే కొంత నయం, అలాగని పూర్తిగా నిశ్చింత కాదు. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులు వచ్చినప్పుడు గట్లు తెగాయి, 2022 జూలైలో పాతిక లక్షలు దాటినప్పుడు గట్ల మీద ఇసక బస్తాలు వేసి జనం రాత్రంతా కాపలా కాశారు. అమ్మేవాడు మాత్రం "మాకు నీళ్లు ఎప్పుడూ రాలేదండి బాబూ" అంటాడు. నాకూ అన్నాడు. ఇల్లంతా తిరిగి చూస్తే పాత ఇంటికి స్విచ్ బోర్డులన్నీ నా భుజం ఎత్తులో ఉన్నాయి, పొడుగు మనుషులేమోలే అనుకున్నాను. పెరట్లో పశువుల పాక గోడ మీద నడుం ఎత్తులో ఒక గీత, దాని కింద సున్నం రంగు వేరు పైన వేరు. పక్కింటి మామ్మగారు గోడవతల నుంచి చూసి, "ఏటి బాబూ అలా చూత్తన్నావు, 86లో మేవందరం ఆ అటక మీదే ఉన్నాం రెండు రాత్రులు, కోళ్లన్నీ పోయాయి" అంది. ఒక్క మాటలో తేలిపోయింది. ఆ ఇల్లు వదిలేసి రెండు కిలోమీటర్లు లోపలికి వచ్చి ఇంకోటి కొన్నాను. కాబట్టి బ్రోకరు లేకుండా ఒకసారి వెళ్లండి, పక్కింట్లో ముసలివాళ్లతో కూర్చుని మంచినీళ్లు అడిగి తాగండి, 86 గురించి, 96 తుఫాను గురించి వాళ్లే చెప్తారు. 1996 నవంబర్ తుఫాను కోనసీమని ఎలా తుడిచేసిందో మీ అత్తారింట్లో అడిగినా చెప్తారు, కొబ్బరి చెట్లు మళ్లీ నిలబడటానికి ఎన్నేళ్లు పట్టిందో కూడా. 2025 అక్టోబర్లో మొంథా తుఫాను కూడా నర్సాపురం దగ్గరే తీరం దాటింది.

నీళ్ల గురించి ఇంకో మాట, ఇది ఎవరూ చెప్పరు. వర్షాకాలంలో కాలవలు నడుస్తున్నప్పుడు మన దగ్గర భూమిలో నీళ్లు నాలుగైదు అడుగుల్లోనే ఉంటాయి కదా, అప్పుడు సెప్టిక్ ట్యాంకు ఇంకదు. ఇద్దరు ముసలివాళ్లు ఉండే ఇంట్లో అది తెలీదు. పదిమంది గెస్టులు శనాదివారాలు ఉండి రోజుకి రెండేసి సార్లు స్నానాలు చేస్తే సోమవారానికి బాత్రూంలో నీళ్లు వెనక్కి తంతాయి. ఆగస్టులో వెళ్లినప్పుడు సిగ్గుపడకుండా ప్రతి బాత్రూంలో నాలుగు బకెట్లు పోసి ఫ్లష్ కొట్టి చూడండి. బోరు నీళ్లు ఒక సీసాలో పట్టుకెళ్లి టెస్ట్ చేయించండి. చుట్టుపక్కల చేపల చెరువులు, రొయ్యల చెరువులు వచ్చాక చాలా చోట్ల బోరు ఉప్పగా మారిపోయింది, నా బోరులో ఇనుము ఎక్కువ, తెల్ల దుప్పట్లు కొని హోటల్ లుక్ తెద్దామనుకుంటే రెండు నెలల్లో అన్నీ టీ రంగుకి వచ్చేశాయి, ఇప్పుడు ముదురు రంగు గళ్ల దుప్పట్లే వాడుతున్నాను, గెస్టులేమో పల్లెటూరి లుక్ బాగుంది అంటున్నారు! పక్క పొలం ఎవరిదో, ఆయన అందులో చెరువు తవ్వే ఆలోచనలో ఉన్నాడేమో కూడా కనుక్కోండి. కొన్న ఏడాదికి పక్కన రొయ్యల చెరువు వస్తే ఏరియేటర్ల మోత, వాసన, గోడల్లో ఉప్పు, ఆ రివ్యూలు ఇక చదవలేం.

ఇప్పుడు కాగితాలు. ఇక్కడ కాస్త ఓపిగ్గా చదవండి ఎందుకంటే డబ్బులు పోయేది ఎక్కువ ఇక్కడే.

"కాలవ గట్టున" అన్నారు కదా, ఆ 18 సెంట్లలో డాక్యుమెంటు ఉన్నది ఎంత, ఇరిగేషన్ పోరంబోకు ఎంత? మన దగ్గర గట్టు దిగువన ఇళ్లలో సగం మందికి ముందువైపు అరుగు, షెడ్డు, గేటు పోరంబోకులోనే ఉంటాయి, తాతలనాటి నుంచి అలాగే ఉంది అని అందరూ అనుకుంటారు, తప్పుగా కూడా అనిపించదు. మీరు కాలవ వైపు డెక్ కట్టి టేబుళ్లు వేసి ఫొటోలు పెట్టిన రోజున ఎవడో ఒకడు అర్జీ పెడతాడు. కాబట్టి మండల సర్వేయర్‌కి అప్లికేషన్ పెట్టి కొలిపించండి, హద్దురాళ్లు మీ కళ్లముందు పడాలి. రీసర్వే అయిన ఊరైతే పాత సర్వే నంబరు పోయి ఎల్పీఎం నంబరు (కొత్త కొలతల మ్యాపులో ఆ భూమి ముక్క నంబరు) వచ్చి ఉంటుంది, పాత దస్తావేజులో నంబరూ కొత్త రికార్డులో విస్తీర్ణం కలుస్తున్నాయో లేదో చూసుకోండి, ఒకటి రెండు సెంట్లు తేడా వచ్చిన కేసులు చాలా ఉన్నాయి.

ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల చిట్టా, ఆన్‌లైన్లో 1983 నుంచే వస్తుంది, అంతకుముందువి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో మాన్యువల్‌గా తీయించాలి, పాత ఇల్లు కాబట్టి తీయించండి. ఇల్లు గ్రామకంఠంలో ఉంటే పట్టాదారు పాస్‌బుక్ ఉండదు, ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు చూపించి ఇవే మా కాగితాలు అంటారు, అది అబద్ధం కాదు గానీ లింకు డాక్యుమెంట్లు (ఇల్లు ఒకరి నుంచి ఒకరికి ఎలా వచ్చిందో చూపే పాత దస్తావేజులు) లేకపోతే మీ 45 లక్షల లోను బ్యాంకు లీగల్ ఒపీనియన్ దగ్గరే ఆగిపోద్ది. 22ఏ జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల జాబితాలో, ఉందేమో చూడండి, దేవుడి మాన్యం, అసైన్డ్ భూమి, ప్రభుత్వ భూమి అన్నీ అందులోకే వస్తాయి. లంకల్లో డీ పట్టాలు (ప్రభుత్వం పేదలకి ఇచ్చిన అసైన్డ్ భూములవి) చాలా ఉన్నాయి, 1977 చట్టం ప్రకారం అసైన్డ్ భూమి అమ్మకం మామూలుగా చెల్లదు, నోటరీ కాగితం మీద కొన్నాం అని చెప్పేవాళ్లని చూసి మోసపోకండి.

అన్నిటికన్నా ముఖ్యం వారసులు. మండువా ఇల్లు అంటేనే నలుగురైదుగురు వాటాదారులు. ఒకాయన డల్లాస్‌లో, ఒకాయన హైదరాబాద్‌లో, ఒక అక్క తణుకులో. అమ్మేది అన్నదమ్ములే, ఆడపిల్లలకి కట్నాలు ఇచ్చేశాం అంటారు. ఆంధ్రలో 1985 సెప్టెంబర్ నుంచే ఉమ్మడి ఆస్తిలో పెళ్లికాని ఆడపిల్లలకి హక్కు వచ్చింది, 2005లో కేంద్ర చట్టం అందరికీ ఇచ్చింది. అక్కచెల్లెళ్లందరూ సంతకం పెట్టాల్సిందే, చనిపోయినవాళ్లుంటే వాళ్ల పిల్లలు కూడా. నాకు అమ్మినవాళ్లలో ఒక మేనకోడలు సంతకం మర్చిపోయారు, మర్చిపోయారో వదిలేశారో దేవుడికెరుక, మూడో ఏడాది నోటీసు వచ్చింది, రెండున్నర లక్షలు ఇచ్చి రిలీజ్ డీడ్ (హక్కు వదులుకుంటున్నట్టు కాగితం) రాయించుకున్నాను. పైగా అమ్మేవాళ్లలో ఎన్నారై ఉంటే టీడీఎస్ (అమ్మేవాళ్లకి ఇచ్చే డబ్బులోంచి మీరు ముందే పట్టుకుని కట్టే పన్ను) లెక్క మారిపోద్ది, ఇక్కడున్నవాళ్ల దగ్గర 50 లక్షలు, ఆ పైన కొన్నప్పుడు పట్టుకునే 1 శాతం కాదది, చాలా ఎక్కువ, పట్టుకోకపోతే బాధ్యత కొన్నవాడిదే. ఆడిటర్‌ని అడిగాకే అగ్రిమెంటు రాయండి. రిజిస్ట్రేషన్ ఖర్చు 7.5 శాతం అంటే 70 లక్షల మీద ఐదుంపావు లక్షలు, అది మీ లెక్కలో నాకు కనపడలేదు.

కోనసీమకే ప్రత్యేకం ఇంకోటుంది, గ్యాస్ పైపులైను. 1995లో పాసర్లపూడి బ్లోఅవుట్, 2014 జూన్‌లో నగరం పేలుడు మీకు గుర్తుండే ఉంటాయి. పైపులైను భూమి కింద నుంచి వెళ్తే ఆ మేర కట్టడాలు కట్టకూడదు, 1962 నాటి చట్టం అది. పెరట్లో కాటేజీలు రెండు వేద్దాం అనుకుంటున్నారు కాబట్టి చుట్టుపక్కల పసుపు రంగు గుర్తు రాళ్లు, బోర్డులు ఉన్నాయేమో తిరిగి చూడండి.

ఇక సీఆర్‌జెడ్, అంటే తీరం పక్కన కట్టడాల మీద ఆంక్షలు. సముద్రం ఎక్కడో ఉంది మనకేంటి అనుకుంటారు. ఆటుపోట్లు తగిలే ఏరు, పాయ, క్రీకు అన్నిటికీ అది వర్తిస్తుంది. సముద్రం వైపు 500 మీటర్లు, ఇలాంటి పాయల పక్కన 2011 నోటిఫికేషన్‌లో 100 మీటర్లు లేదా పాయ వెడల్పు, ఏది తక్కువైతే అది, 2019 దాంట్లో దాన్ని 50కి తగ్గించారు. దిండి, అంతర్వేది వైపు నది ఒడ్డున జాగా అంటే ముందు కోస్టల్ జోన్ మ్యాప్‌లో మీ సర్వే నంబరు ఎక్కడ పడిందో చూపించమనండి. పాత ఇంట్లో ఉండటం వేరు, కొత్తగా కాటేజీ కట్టడం వేరు, రెండోదానికే తంటా. నది వైపు జాగాకి రివర్ కన్జర్వేటర్ (నదుల సంరక్షణ చూసే అధికారి) గొడవ కూడా ఉంది, 1884 నాటి చట్టం, ఇప్పటికీ ఆ పేరు మీద నోటీసులు వస్తాయి.

లైసెన్సు సంగతి. హోమ్‌స్టే అనే మాటని మనం ఎలా పడితే అలా వాడేస్తున్నాం గానీ కేంద్ర టూరిజం వాళ్ల స్కీంలో ఓనరు ఆ ఇంట్లోనే కాపురం ఉండాలి, గదులు ఆరు దాటకూడదు. మీరు హైదరాబాద్‌లో ఉండి కేర్‌టేకర్‌ని పెడితే అది ఆ లెక్కలోకి రాదు, లాడ్జి కింద చూస్తారు, కరెంటు మీటరు కమర్షియల్ కేటగిరీకి మార్చుకోవాలి. డొమెస్టిక్ మీటరు మీద నడిపిస్తే తనిఖీలో పట్టుకుని వెనకటి నెలలకి కూడా వేస్తారు, నాకు తెలిసిన ఒకాయనకి అలాగే పడింది. మీ అత్తగారూ మావగారూ అక్కడ కాపురం పెడతారంటే కథ వేరు, అదైతే నిజంగా మంచి ఐడియా. ఎయిర్‌బీఎన్‌బీ లాంటి వాటిలో పెడితే మీకు 20 లక్షల టర్నోవర్ లేకపోయినా జీఎస్టీ ఆ ప్లాట్‌ఫామే వసూలు చేసి కడుతుంది, 7,500 లోపు గదికి 2025 సెప్టెంబర్ 22 నుంచి 5 శాతం, కాబట్టి గెస్టుకి కనపడే రేటు మీరనుకున్న రేటు కాదు. ఫారెన్ పాస్‌పోర్టు వాళ్లు వస్తే 24 గంటల్లో ఇమిగ్రేషన్ వాళ్ల పోర్టల్లో వివరాలు పెట్టాలి. మన ఊరి పిల్లలే కదా, తెలుగే మాట్లాడుతున్నారు కదా అని వదిలేస్తాం, చేతిలో అమెరికా పాస్‌పోర్టు ఉంటే తెలుగు లెక్కలోకి రాదు. ఇన్సూరెన్స్ మామూలు ఇంటి పాలసీ తీసుకుని అద్దె వ్యాపారం సంగతి దాచిపెడితే క్లెయిం రోజున చేతులెత్తేస్తారు, తుఫాను, వరద రెండూ కవరవుతున్నాయో లేదో చదివి, వాడకం ఏంటో రాసి ఇచ్చి తీసుకోండి.

సంక్రాంతి మూడురోజులు భీమవరం చుట్టూ గదికి ఎంత చెప్తే అంత, నిజమే. కానీ ఆ మూడు రోజుల్లో వచ్చేవాళ్లు ఎవరో చూసుకోవాలి. నేనొకసారి రేటుకి ఆశపడి పదిమంది బ్యాచ్‌కి ఇచ్చాను, రెండో రాత్రి మా మేడ మీద పేకాట, ఆడేవాళ్లలో సగం మంది బయటివాళ్లే. గేమింగ్ యాక్ట్ కింద జాగా ఇచ్చినవాడి మీద కూడా కేసు పెట్టొచ్చు, ఆ రాత్రి నాకు నిద్రలేదు. యానాం నుంచి సీసాలు తెచ్చుకుని తాగి కాలవలోకి దూకుతాం అనేవాళ్లు ఇంకో రకం. కాలవ పక్క ఇల్లు అంటే కంచె, లైటు, తాడు, లైఫ్ జాకెట్లు మీ ఖర్చే, మన దగ్గర ఏటా ఎవరో ఒకరు గోదాట్లో పోతూనే ఉన్నారు, అది మీ ఇంటి మెట్ల దగ్గర జరిగితే బిజినెస్ సంగతి తర్వాత, ఊళ్లో తలెత్తుకోలేం.

ఇప్పుడు మీ ఈఎంఐ. 45 లక్షలు, 20 ఏళ్లు, 9 శాతం అనుకుంటే నెలకి సుమారు 40,500, ఏడాదికి 4 లక్షల 86 వేలు. నా పుస్తకం ప్రకారం బాగా నడిచిన ఒక ఏడాది మొత్తం ఇల్లు 118 రాత్రులు బుక్ అయ్యింది, సగటున 4,200. అంటే 4 లక్షల 95 వేలు. భలే, ఈఎంఐ వచ్చేసింది అనుకున్నారు కదా! అందులో కమిషన్ 15 శాతం చొప్పున 74 వేలు, కేర్‌టేకర్ దంపతులకి నెలకి 15 వేల చొప్పున లక్షా 80 వేలు, కరెంటు 60, బట్టలు ఉతుకులు శుభ్రం 45, ఇంటర్నెట్, గ్యాస్, మంచినీళ్ల టిన్నులు 20, రిపేర్లు 50. ఉప్పుగాలికి ఏసీ బయటి యూనిట్లు ఎంతకాలం వస్తాయో అక్కడివాళ్లని అడగండి. మిగిలింది 66 వేలు, ఏడాదికి. అందులోంచే పెంకులు సర్దించాలి, చెదల మందు కొట్టించాలి. కొబ్బరి చెట్లు ఆదాయం అని బ్రోకరు చెప్పి ఉంటాడు, చెప్పకుండా ఉండడు. నలభై ఐదు రోజులకోసారి దింపు తీయించకపోతే కాయ గెస్టు కారు మీద పడుతుంది, నా దగ్గర పడింది, ముందు అద్దం పగిలింది, పదకొండు వేలు. దింపు కూలి పోగా కాయల మీద మిగిలేది ఆ అద్దానికి సరిపోయింది.

పుష్కరాల మాట కూడా చెప్పేస్తాను. 2027లో జూన్ 26 నుంచి జూలై 7, పన్నెండు రోజులు. 2015 పుష్కరాలకి, ఈ ఇల్లు కొనక ముందు మాట, మా ఇంట్లో ఇరవై ముగ్గురున్నారు, అందరూ చుట్టాలే, ఒక్కరూ రూపాయి ఇవ్వలేదు. ఆ పన్నెండు రోజులూ నిండినా అది ఒక ఏడాది ముచ్చటే, మళ్లీ పన్నెండేళ్లకి. రోజూ వచ్చే జనం లెక్క వేరు. వాడపల్లి వెంకన్న శనివారాల జనం రావులపాలెం, ఆత్రేయపురం వైపే తిరిగి వెళ్లిపోతారు, రాజోలు దాకా రారు. మీకొచ్చేది అంతర్వేది కల్యాణం, కార్తీకమాసం, డిసెంబరు జనవరి, వీకెండ్లు. కోటిపల్లి నర్సాపురం రైలు వస్తే రేట్లు పెరుగుతాయి అని కూడా అంటాడు బ్రోకరు. ఆ రైలు పేరు చెప్పి అమ్మిన స్థలాల్లో ఇళ్లు కట్టుకున్నవాళ్ల పిల్లలకి పెళ్లిళ్లు కూడా అయిపోయాయి.

నన్నడిగితే ఇలా చేయండి. అదే ఇల్లు, ఓనర్లు ఒప్పుకుంటే, పదకొండు నెలలకి లీజుకి అడగండి, నెలకి పదిహేను వేలో ఇరవయ్యో. ఖాళీగా పడున్న మండువా ఇల్లు కాబట్టి ఒప్పుకునే అవకాశం ఎక్కువే, వాళ్లకీ ఎవరో ఒకరు దీపం పెట్టాలి కదా. బాత్రూంలు, రెండు ఏసీలు, పరుపుల మీద నాలుగైదు లక్షలు పెట్టి ఒక మే, ఒక ఆగస్టు, ఒక నవంబరు చూడండి. కొనే రేటు ఇప్పుడే రాసుకుని, ఏడాది తర్వాత కొనే హక్కు మీకే ముందు ఉండేలా అగ్రిమెంటులో పెట్టించండి. ఒప్పుకోకపోతే ఎందుకు ఒప్పుకోవట్లేదో ఆలోచించండి.

అడ్వాన్స్ ఇవ్వక తప్పదంటే లక్ష దాటనివ్వకండి, చెక్కు రూపంలో ఇవ్వండి, వారసులందరి సంతకాలూ సర్వే కొలతా తేలకపోతే వెనక్కి ఇవ్వాలి అని రాయించండి.

ఇంకొకటి. మీరు పెట్టిన నాలుగు ఫొటోల్లో ముంగిలి, అరుగు, కాలవ, మండువా మధ్య గచ్చు కనపడుతున్నాయి గానీ లోపల గోడలు ఒక్కటి కూడా లేవు. స్విచ్ బోర్డులు ఎంత ఎత్తులో ఉన్నాయో ముందు అది చూసి చెప్పండి.